న్యాయశాస్త్రం చదివే అమ్మాయికి త్సాయ్ ఇంగ్-వెన్ దారి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎల్‌ఎల్‌బీ నాలుగో సంవత్సరం చదువుతోంది. తైవాన్ మాజీ అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్ గురించి చదివినప్పటి నుంచి తానూ రాజకీయాల్లోకి వెళ్తానంటోంది. మా వాళ్లలో రాజకీయాలు తెలిసినవారు లేరు, అమ్మాయి నలుగురిలో పెద్దగా మాట్లాడదు కూడా. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ అమ్మాయిని వారించకండి. కాకపోతే ఆమె చూడవలసింది త్సాయ్ అధిష్ఠించిన పదవిని కాదు, దానికి ముందు గడిచిన మూడు దశాబ్దాలను.

తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అమెరికాలోని కార్నెల్‌లో ఎల్‌ఎల్‌ఎం చదివి, 1984లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి పీహెచ్‌డీ పొందిన త్సాయ్, తైపీకి తిరిగివచ్చి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు. అన్యాయ వాణిజ్య పద్ధతులు, దిగుమతులు వెల్లువెత్తినప్పుడు స్వదేశీ పరిశ్రమలను కాపాడుకునే చర్యలు ఆమె పరిశోధనాంశం. జనం నోళ్లలో నానే విషయం కాదది. అయితే 1990లో తైవాన్ దేశాల మధ్య వాణిజ్య నియమాలను నిర్ణయించే గాట్ ఒప్పందంలో (ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్నది) చేరడానికి దరఖాస్తు చేసుకోవడంతో, ఆ చట్టాలు క్షుణ్ణంగా తెలిసిన మనిషి ప్రభుత్వానికి అవసరమయ్యారు. 2002 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యత్వం దక్కడానికి దారితీసిన చర్చల్లో ఆమె పాలుపంచుకున్నారు. 2000లో చైనా వ్యవహారాల మండలికి అధిపతి అయ్యారు. డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీలో చేరింది మాత్రం ఆ తరువాత, 2004లో.

ఇక్కడ ఒక తేడా మీరు గమనించాలి. తైవాన్‌లో చట్టసభ సభ్యులు కానివారినే మంత్రులుగా నియమిస్తారు కాబట్టి నిపుణులకు నేరుగా తలుపు తెరుచుకుంటుంది; మన దేశంలో మంత్రి అయినవారు ఆరు నెలల్లోగా చట్టసభ సభ్యులు కావాలి. పైగా త్సాయ్ కలిగిన కుటుంబంలో పుట్టారు, విదేశీ చదువుకు డబ్బు అడ్డు కాలేదు. ఈ రెండూ చెప్పకుండా ఆమెను ఆదర్శంగా చూపడం సరికాదు.

మితభాషి అన్న మీ బెంగకు ఆమె జీవితమే జవాబు. అధ్యాపకురాలి ధోరణిలో ఆచితూచి మాట్లాడే త్సాయ్, 2008లో ఓడి డీలాపడిన పార్టీకి అధ్యక్షురాలై, 2010లో న్యూ తైపీ మేయర్ పదవికి, 2012లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. ఆ రెండో ఎన్నికల ప్రచారంలోనే ముగ్గురు చిన్నపిల్లలు తాము డబ్బు దాచుకున్న డిబ్బీలు తెచ్చి విరాళమిస్తే, ఓటుహక్కు లేనివారి నుంచి తీసుకోకూడదన్న నిబంధన వల్ల తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. దాంతో పార్టీ పంది బొమ్మ డిబ్బీలు పంచిపెట్టగా, సామాన్యులు వాటిని చిల్లరతో నింపి తెచ్చారు. 2016లో 56 శాతం ఓట్లతో గెలిచారు, 2020లో 81 లక్షలకు పైగా ఓట్లు సాధించారు.

మీ అమ్మాయి ముందు ఒక విషయంలో గట్టిపడాలి. వాణిజ్య చట్టంపై ఆసక్తి ఉంటే, ఢిల్లీలో ఐఐఎఫ్‌టీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) అనుబంధంగా ఉన్న వాణిజ్య, పెట్టుబడుల న్యాయ కేంద్రంలో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు, తరువాత ఎల్‌ఎల్‌ఎం చేయవచ్చు. సివిల్స్ ద్వారా ఇండియన్ ట్రేడ్ సర్వీస్ కూడా ఉంది, కానీ ఉద్యోగంలో ఉన్నంతకాలం రాజకీయాల్లో పాల్గొనడం కుదరదు. ఈ సెలవుల్లో, అన్యాయమైన దిగుమతులపై విచారణ జరిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్ (డీజీటీఆర్) వెలువరించిన తుది నివేదిక ఒకటి వెబ్‌సైట్ నుంచి తీసి ఆమెకివ్వండి. ఆసక్తిగా చివరిదాకా చదివితే ఈ దారి ఆమెకు నప్పుతుంది. విసుగనిపిస్తే పర్యావరణమో, భూమి చట్టాలో, కార్మిక చట్టాలో ఏది నచ్చుతుందో ఐదో సంవత్సరం మొదలయ్యేలోగా తేల్చుకోమనండి.