ఆయన చొక్కా తొడుక్కుని తీసుకున్న ఫోటోలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. భాష తెలుగే, లిపి మాత్రం ఒడియా. రాసినామె బరంపురంలో పుట్టి ఒడియా మీడియంలో చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. ఆ లిపి తెలిసిన స్నేహితురాలు చదివి వినిపిస్తే నేను రాసుకున్నాను. ఆనవాళ్ళు మార్చి క్లుప్తంగా ఇస్తున్నాను.

"నా వయసు 33. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పని చేస్తారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. మా అమ్మ పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ మధ్యాహ్నం అత్త నిద్రపోయాక ఫోన్లో నా ఫోటోలు నేనే తీసుకుంటున్నాను. అమ్మ పట్టుచీర కట్టుకుని కొన్ని, జుట్టు విరబోసుకుని కొన్ని, ఆయన వదిలి వెళ్ళిన చొక్కా తొడుక్కుని కొన్ని. నాలుగు వందల పైనే ఉంటాయి. ఒక్కటి కూడా ఎవరికీ పంపలేదు. మొన్న మరిది రీఛార్జి చేస్తానని ఫోన్ తీసుకుని అవి చూసి అన్నకి చెప్పాడు. 'ఎవరికోసం తీశావు? అన్నీ డిలీట్ చెయ్, లేదంటే ఫోన్ మా అమ్మకి ఇచ్చెయ్' అంటున్నారు ఆయన. అత్తేమో అద్దం పిచ్చి అంటోంది. ఇక్కడ వీధిలో మమ్మల్ని 'తెలంగా' అంటారు, తెలుగువాళ్ళని. ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో చుట్టాల పెళ్ళికి వెళితే నా మాట విని 'ఒడియా పిల్ల' అని నవ్వుతారు. నేనెవరో ఫోటోలోనైనా తెలుస్తుందేమో అనుకుంటాను. తీరా చూస్తే అందులో ఉన్నది నేను కాదనిపిస్తుంది. ఇది జబ్బా? డిలీట్ చెయ్యాలా?"

అమ్మా, డిలీట్ చెయ్యకండి. ఒకసారి పోతే మళ్ళీ రావు. వాటిలో మీ అమ్మగారి చీర ఉంది, ఆవిడ పోయాక మీరు గడిపిన రెండేళ్ళున్నాయి.

జబ్బా అని అడిగారు. మీ ఉత్తరంలో నాకు జబ్బు కనబడలేదు. అమ్మ పోయింది, భర్త దేశానికి పడమటి ఒడ్డున ఉన్నారు. "తిన్నావా, చిక్కిపోయావేంటే" అని మొహంలోకి చూసి అడిగే మనిషి ఇంట్లో లేదు. అలాంటప్పుడు మన మొహం మనమే చూసుకోవాలనిపిస్తుంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ దశాబ్దాల పాటు తన ఫోటోలు తానే తీసుకున్నారు. కొన్నిట్లో దొరలాగా సూటు, కొన్నిట్లో గోచీతో యోగాసనం. ఏది తన అసలు రూపమో ఆయన తేల్చుకోలేదు, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయారు. షికాగోలో ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసిన వివియన్ మయర్ కూడా అంతే. దుకాణాల అద్దాల్లో, నేల మీద పడిన తన నీడలో తనను తాను ఎన్నోసార్లు ఫోటో తీసుకుంది. దాదాపు ఎవరికీ చూపలేదు. 2007లో ఆమె సామాను వేలానికి పోయినప్పుడు గానీ అవి బయటపడలేదు. ఎవరికీ పంపని ఫోటోలు ఎవరికోసమో తీసినవే అయ్యుండాలన్న లెక్క తప్పని చెప్పడానికే వీళ్ళ సంగతి ఎత్తాను.

ఫోటోలో ఉన్నది నేను కాదనిపిస్తుంది అన్నారు. దీనికి సగం కారణం చాలా మామూలుది. పుట్టినప్పటినుంచీ మీరు చూసుకున్నది అద్దంలోని మొహం. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. పాపిడి, ముక్కుపుడక, పెదవి వంపు అన్నీ అటూ ఇటూ మారతాయి. ఫోటో మాత్రం మామూలుగా ఎదుటివాళ్ళు చూసే వైపునుంచి చూపిస్తుంది. 1977లో అమెరికాలో కొందరు ఆడవాళ్ళకి వాళ్ళ ఫోటోలే రెండు రకాలుగా వేసి చూపించారు. వాళ్ళలో ఎక్కువమందికి అద్దంలో కనబడేలాంటిది నచ్చింది, వాళ్ళ స్నేహితులకి మామూలు ఫోటో నచ్చింది. ఎవరికి అలవాటైన మొహం వాళ్ళకి ముద్దు. కాబట్టి మీకు కొత్తగా తోచే ఆ మొహమే మీ ఆయనకి తెలిసిన మొహం. మీ అమ్మగారికి తెలిసిందీ అదే.

మరో సగం ఫోన్ చేసే పని. చెయ్యి చాపి దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దానికితోడు బ్యూటీ మోడ్ అడక్కుండానే చర్మం తెల్లబరుస్తుంది, దవడ సన్నం చేస్తుంది. దాన్ని పూర్తిగా ఆపెయ్యండి. ఫోన్‌ని కుట్టుమిషన్ బల్లకి ఆనించి, అయిదారడుగుల దూరం జరిగి, టైమర్ పెట్టి తీసుకోండి. మొహం ఒక్కటే వద్దు. టేపు మెడలో వేసుకున్న మిమ్మల్ని, సూది గుచ్చుకుని గరుకెక్కిన వేలికొసల్ని, గోడ మీద పడిన నీడని కూడా తియ్యండి. ఒకరోజు ఏ ముస్తాబూ లేకుండా, నవ్వకుండా తీసుకోండి. వారానికి ఒక్కటి ఉంచుకుని దాని కింద ఒక ముక్క రాసుకోండి. ఆరోజు ఏం కుట్టారు, ఎవరు గుర్తొచ్చారు, అంతే. మొహం కంటే ఆ ముక్కలే మీ గురించి మీకు ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

తెలంగా, ఒడియా పిల్ల అన్న మాటలు మిమ్మల్ని ఎంత గుచ్చాయో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. ఎక్కడి కాపురాలు అక్కడే ఉన్నాయి, చుట్టరికాలూ ఉన్నాయి, మధ్యలో గీత పడింది. జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళతరబడి బడిలో పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే, సవర గిరిజనుల భాష నేర్చుకున్నదీ అక్కడే. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటున్న మీరు మీ మాటకి సిగ్గుపడాల్సిన పని లేదు. పెళ్ళిలో నవ్వినవాళ్ళకి ఒక్క భాషే వచ్చు. మీకు రెండొచ్చు. రెండూ మీవే, ఒకటి వదులుకోమని ఎవరూ అడగడానికి లేదు.

ఇక మీ ఆయన సంగతి. ఆయన అన్న మాట తప్పు, అందులో సందేహం లేదు. కానీ ఆయన ఎక్కడ ఉండి ఆ మాట అన్నారో కూడా చూడండి. మీ వైపునుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్ళినవాళ్ళు చాలామంది పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. ఒకే గదిలో ఎందరో ఉంటారు, ఒక షిఫ్టువాళ్ళు లేచిన చోటే రెండో షిఫ్టువాళ్ళు నడుం వాలుస్తారు. అలాంటి చోట తమ్ముడు ఫోన్ చేసి "వదిన దగ్గర ఫోటోలున్నాయి" అంటే మనిషికి నిద్ర పట్టదు.

ఫోన్ చేతికిచ్చి "నువ్వే వెతుక్కో" అనకండి. అలా ఇస్తే మీరు ముద్దాయి అయిపోతారు, తర్వాత ప్రతి ఆరు నెలలకీ తనిఖీ ఉంటుంది. ఆయనకి సెలవున్న రోజు, పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. ఏవి చూపించాలో మీరే ఎంచుకోండి. మొదట ఆయన చొక్కాలో దిగినవి చూపించండి. "మీరు లేనప్పుడు ఇల్లు బోసిగా ఉంటే ఇది తొడుక్కున్నాను" అని చెప్పండి. అది నిజం కదా, ఆయనకి ఇంతవరకూ ఎవరూ చెప్పని నిజం. ఆ తర్వాత అమ్మ చీరవి. మిగతావి మీ సొంతం, చూపించకపోయినా తప్పు కాదు. ఆయన్ని కూడా ఒకటి తీసుకుని పంపమనండి. పండక్కి కొత్తబట్టల్లో దిగేది వద్దు, షిఫ్టు దిగి వచ్చాక ఎలా ఉంటారో అలాగే. అడిగితే మొదట విసుక్కోవచ్చు. రెండోసారి కూడా అడగండి.

ఇంత చెప్పినా బెదిరింపులు ఆగకపోతే, చెయ్యి చేసుకునేదాకా వస్తే, అది ఫోటోల గొడవ కాదు. 181కి ఫోన్ చెయ్యండి, అది ఆడవాళ్ళకోసమే ఉన్న నంబరు. ఫోటో తీసుకోని వేళల్లో కూడా "ఇది నేను కాదు" అన్న భావం రోజంతా వెంటాడినా, నిద్ర పట్టకపోయినా, మొహం మీద అసహ్యం పుట్టి గడప దాటలేకపోయినా టెలీ మానస్ 14416కి చెయ్యండి, అది మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ నంబరు. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఉంటారు, ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మరిది అడక్కుండా మీ ఫోటోలు చూడటం నాకు నచ్చలేదు. ఫోన్ లాక్ నంబరు ఈరోజే మార్చండి. ఫోన్లో గూగుల్ ఖాతా అతనే తెరిచి ఇచ్చి ఉంటే మీ ఫోటోలు అతని చేతిలోకీ వెళుతూ ఉండొచ్చు. కొత్త ఖాతా తెరిపించుకుని దాని పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అత్తగారి మాటకి అంత బాధ వద్దు. ఒక మధ్యాహ్నం ఆవిడ్ని మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి దిగండి, తర్వాత చూడండి ఆవిడే ఇంకోటి తియ్యమంటారు.

ఆయన ఏమన్నారో నాకు రాయండి. ఒడియా లిపిలోనే రాయండి, ఈసారి కూడా చదివి వినిపించే మనిషి ఉంది.