సెప్సిస్‌తో మా బాపు పోయిండు, ఆసుపత్రి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా బాపుకు 56 ఏళ్లు, షుగర్ ఉండె. పత్తి చేన్ల ముల్లు గుచ్చుకొని కాలు వాచింది, చీము పట్టింది. రెండు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేసిండు. మూడో రోజు రాత్రి 9.40కి హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకపోయినం. అప్పటికే ఎగపోస్తున్నడు, మాట తేడాగ వస్తున్నది, బీపీ 90 ఉందన్నరు. సెలైన్ పెట్టి, రక్తం తీసుకొని, ‘పెద్ద సారు పొద్దున చూస్తరు’ అన్నరు. తెల్లారి 5 గంటలకు బీపీ పూర్తిగ పడిపోయింది. అప్పుడు ఐసీయూకు మార్చి యాంటీబయాటిక్ మొదలుపెట్టిన్రు. వెంటిలేటర్, డయాలసిస్ అయినయి. నాలుగో రోజు చనిపోయిండు. 4 లక్షల 60 వేల బిల్లు కట్టినం. ‘సెప్సిస్ అంటే ఎవరూ ఏం చేయలేరు, మీరే లేటుగ తెచ్చిన్రు’ అన్నరు. చేర్చుకునేటప్పుడు ‘ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదు’ అని సంతకం తీసుకున్నరు. 14 నెలలు గడిచింది. కేసు వేయొచ్చా? పోలీసుల దగ్గరికి పోవాల్నా?

జవాబు: వేయొచ్చు, గడువు ఇంకా ఉంది. అయితే కేసు దేని మీద నిలబడుతుందో ముందుగా తెలుసుకోండి. ‘సెప్సిస్ వచ్చి చనిపోయాడు’ అన్నంత మాత్రాన ఏ వినియోగదారుల కమిషనూ ఆసుపత్రిని తప్పుపట్టదు. రాత్రి 9.40 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఆ ఏడు గంటల ఇరవై నిమిషాల్లో ఏం చేశారు, ఏం చేయలేదు అన్నదే మీ కేసు మొత్తం.

ఆసుపత్రి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీరమే అదుపు తప్పి తన అవయవాలను తానే దెబ్బతీసుకోవడాన్ని సెప్సిస్ అంటారు. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం సారాంశం ఇదే. బీపీని నిలబెట్టడానికి మందులు పెట్టాల్సి వచ్చి, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) కూడా పెరిగిన దశను సెప్టిక్ షాక్ అంటారు. ఆ దశకు చేరినవాళ్లలో ఆసుపత్రిలోనే చనిపోయేవాళ్లు 40 శాతానికి పైగా ఉంటారని అదే నిపుణులు లెక్కగట్టారు. మంచి వైద్యం అందినా ఇంతే. అవతలి లాయర్ మొదట చదివేది ఈ అంకెనే.

రెండో సగం వాళ్లు చెప్పలేదు. సెప్సిస్‌లో ఎవరూ ఏమీ చేయలేరన్నది తప్పు. చేయాల్సింది ఏమిటో, ఎన్ని గంటల్లో చేయాలో రాసి ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఐసీయూ వైద్యులు అనుసరించే 2021 మార్గదర్శకాల ప్రకారం షాక్ ఉన్నా, సెప్సిస్ అన్న అనుమానం బలంగా ఉన్నా గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే మూడు గంటల్లోపు వేయాలి. లాక్టేట్ చూడాలి. మందు వేసే ముందు రక్తం కల్చర్‌కు, అంటే ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే పరీక్షకు పంపాలి, అయితే దానికోసం మందును ఆపకూడదు. మీ నాన్నగారి విషయంలో గంట దాటింది, మూడు గంటలూ దాటాయి.

ఆయనకు సెప్సిస్ అని అనుమానించడానికి అప్పటికి ఆధారాలు ఉన్నాయా? మీరు రాసిందే చూడండి. చీము పట్టిన కాలు, షుగర్, ఎగపోత, మాట తేడా, బీపీ 90. నిమిషానికి 22 లేదా అంతకు మించి శ్వాస, పై బీపీ 100 లేదా అంతకు తక్కువ, మనిషి స్పృహలో తేడా అనే మూడు గుర్తుల్లో రెండు కనిపిస్తే ప్రమాదం ఉందని ఎమర్జెన్సీ డాక్టర్లకు నేర్పుతారు. ఈ మూడింటినే నమ్ముకోవద్దని 2021 మార్గదర్శకాలు చెప్పిన మాట కూడా నిజమే, ఆ వాదన అటువైపు నుంచి వస్తుంది. దానికి సమాధానం ఉంది. ఈ గుర్తులు కనిపించనంత మాత్రాన సెప్సిస్ లేదనుకోవద్దన్నది ఆ హెచ్చరిక ఉద్దేశం. కనిపించినా ఊరుకోండి అని దాని అర్థం కాదు.

ఇక రుజువు సంగతి. ఇక్కడే చాలామంది ఓడిపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీ చేతిలో డెత్ సమ్మరీ ఒక్కటే ఉండి ఉంటుంది. అది మనిషి పోయాక రాసిన కాగితం, గంటల లెక్క అందులో ఉండదు. మీకు పూర్తి కేస్ షీట్ కావాలి. క్యాజువాలిటీలో రాసిన మొదటి నోట్, నర్సులు బీపీ, శ్వాస రాసిన చార్ట్, ఏ మందు ఎన్నింటికి వేశారో రాసిన చార్ట్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అవే నిబంధనలు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు దాచమన్నాయి, ఆ తర్వాత ‘పారేశాం’ అనే వీలుంది. ఇవ్వకపోతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. రికార్డు దాచారని కమిషన్‌లో గట్టిగా వాదించొచ్చు కూడా.

కేస్ షీట్‌లో టైమ్ దిద్దారేమో అన్న భయం మీకు ఉండొచ్చు. అందుకే వాళ్ల చేతిలో లేని కాగితాలు మీరు కూడబెట్టండి. ఆ రాత్రి ఆసుపత్రి కింద మందుల షాపులో కొన్న ప్రతి బిల్లు మీద టైమ్ పడుతుంది. యాంటీబయాటిక్ సీసా 4.50కి కొన్నట్టు బిల్లు ఉంటే, 10.30కే వేశామని రాసుకున్న చార్ట్‌ను అక్కడే నిలదీయొచ్చు. వార్డు స్టాకు నుంచి వేశామంటే ఆ స్టాకు లెక్క చూపమనండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో కట్టినవాటి టైములు, రాత్రి మీరు డ్యూటీ డాక్టరుకో, బంధువులకో చేసిన ఫోన్ల వివరాలు, మీ సెల్లులో తీసిన ఫొటో ఏదన్నా ఉంటే అది కూడా పనికొస్తుంది. ఫోన్ మార్చేసే ఆలోచన ఉంటే ఆపండి. అంబులెన్స్‌లో వెళ్లి ఉంటే ఆ సమయం కూడా రాసి పెట్టుకోండి.

పోస్టుమార్టం చేయించలేదని దిగులు పడకండి. ఇలాంటి కేసుకు కల్చర్ రిపోర్టు, చార్టులే ప్రాణం.

న్యాయస్థానం ఏం చూస్తుందంటే, ఆ పరిస్థితిలో సగటు నైపుణ్యం ఉన్న డాక్టరు చేయాల్సిన పని జరిగిందా లేదా అని. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ కొలతనే ఖాయం చేసింది. మీకు బాగా పనికొచ్చే తీర్పు 2019లో వచ్చిన అరుణ్‌కుమార్ మాంగ్లిక్ కేసు. భోపాల్‌లో డెంగీతో చేరిన మహిళ చనిపోయారు. రక్త పరీక్షలు ఎప్పటికప్పుడు చేసి గమనించాల్సింది గమనించలేదని సుప్రీంకోర్టు ఆసుపత్రిని తప్పుపట్టి, 15 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. జబ్బు ప్రమాదకరమైనదే, అయినా కనిపెట్టుకుని ఉండటం ఆసుపత్రి బాధ్యత అన్న సూత్రం మీ ఏడు గంటలకు సరిగ్గా అతుకుతుంది.

నిపుణుడి అభిప్రాయం తప్పనిసరా? మన హైదరాబాద్ నుంచే వెళ్లిన వి.కిషన్‌రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు ప్రతి కేసులోనూ అక్కర్లేదంది. జ్వరంతో చేరిన ఆయన భార్యకు మలేరియా అయితే టైఫాయిడ్ వైద్యం చేశారన్నది ఆ కేసు. అయినా మీకు తీసుకోమనే నా సలహా. మందు ఆలస్యం వల్లే ప్రాణం పోయిందా అన్నది కడుపులో కత్తెర మరిచిన కేసు లాంటిది కాదు, వైద్యుడు విప్పి చెప్పాలి. 2006లో కెనడా, అమెరికా ఆసుపత్రుల రోగులపై వచ్చిన అధ్యయనంలో, బీపీ పడిపోయాక యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకు బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గింది. తర్వాతి అధ్యయనాలు కొన్నింటిలో ఆ తేడా ఇంత పెద్దగా రాలేదు. ఈ రెంటినీ తెలిసిన ఎమర్జెన్సీ లేదా ఐసీయూ వైద్యుడు రాసిస్తేనే బలం. స్థానికంగా ఒకరి మీద ఒకరు రాయడానికి వెనకాడతారు. వేరే జిల్లాలో రిటైరైన ప్రొఫెసర్ ఎవరినైనా అడగండి.

ఆర్‌ఎంపీ దగ్గర పోయిన రెండు రోజులు దాచొద్దు. మీరు దాచినా వాళ్లు బయటపెడతారు, అప్పుడు మీ మిగతా మాటల మీద నమ్మకం పోతుంది. ఆ ఆలస్యం వల్ల పరిహారం తగ్గవచ్చు. కానీ ఆసుపత్రి బాధ్యత రోగి గుమ్మం దాటిన నిమిషం నుంచి మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చిన రోగిని ఇంకా త్వరగా చూడాలే తప్ప, పొద్దుటి దాకా ఆపడానికి అది కారణం కాదు. ‘మీరే లేటు చేశారు’ అన్న మాటను మనసులో పెట్టుకుని కుమిలిపోకండి.

సంతకం చేసిన కాగితం మీ కేసును ఆపదు. చికిత్సలో సహజంగా ఉండే ప్రమాదాలకు ఒప్పుకున్నారు, నిర్లక్ష్యానికి ఎవరూ ముందస్తు అనుమతి ఇవ్వలేరు.

పోలీసు కేసు వద్దంటాను. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద చికిత్స చేస్తున్న డాక్టరుకు రెండేళ్ల దాకా శిక్ష ఉంది, నిజమే. కానీ క్రిమినల్ కేసుకు నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదని తేలాలి. స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా పోలీసులు ముందుకు వెళ్లకూడదని జాకబ్ మాథ్యూ తీర్పే చెప్పింది. అక్కడ కేసు కొట్టేస్తే దాన్నే కమిషన్‌లో మీ మీద వాడతారు.

మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 1995లోనే సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2019 చట్టం కింద మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లాలోనే వేయాలి, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. చనిపోయిన వ్యక్తి చట్టబద్ధ వారసులు ఫిర్యాదు చేయొచ్చు. మీ అమ్మగారిని మొదటి ఫిర్యాదుదారుగా పెట్టండి. మహిళ కనుక ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్‌ను కోరే హక్కు ఆమెకు ఉంది. గడువు రెండేళ్లు, మీకు పది నెలలు మిగిలాయి. ఆసుపత్రితో పాటు ఆ రాత్రి చూసిన డ్యూటీ డాక్టరును, పొద్దున వస్తామన్న సీనియర్‌ను కూడా ఎదుటి పార్టీలుగా చేర్చండి. సీనియర్‌కు రాత్రి ఫోన్ చేశారా లేదా అన్నది కేస్ షీట్‌లో లేకపోతే ఆయన నోటే చెప్పించాలి.

దరఖాస్తు మాత్రం ఈ వారంలోనే పెట్టండి. మీ బాపు పేరు, ఇన్‌పేషెంట్ నంబరు, చేరిన తేదీ రాసి, ‘క్యాజువాలిటీ నోట్స్, నర్సింగ్ చార్ట్, మందుల చార్ట్‌తో సహా పూర్తి రికార్డు నకళ్లు’ అని స్పష్టంగా అడగండి. ఒక కాపీ మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు మందుల బిల్లులతో కలిపి దాచండి.