ఒక్కడే 59 గెలిచాడా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి అమెరికాలో ఉంటున్నాడు. ఈ మధ్య ఫోన్ చేస్తే చాలు బేస్‌బాల్ కబుర్లే. వెనకటికి ఒక పిచ్చర్, అంటే మన బౌలర్‌లా బంతి వేసేవాడు, ఒకే సీజన్‌లో 59 మ్యాచ్‌లు గెలిచాడట, ఇప్పుడు 20 గెలిస్తేనే గొప్పట. ఆడేది తొమ్మిది మంది కదా, గెలుపు ఒక్కడిదెలా అవుతుంది? ఇప్పటివాళ్లకి చేతుల్లో సత్తువ లేదా ఏమిటి?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆయన పేరు చార్లీ రాడ్‌బోర్న్, ‘ఓల్డ్ హాస్’ అనేవారు. 1884లో ప్రావిడెన్స్ గ్రేస్ జట్టుకి ఆడాడు. 59 అని కొందరు, 60 అని కొందరు లెక్క కడతారు, ఆ ఒక్కటి వదిలేయండి. ఆ జట్టులో ఇంకో మంచి పిచ్చర్ సీజన్ మధ్యలో వెళ్లిపోతే మిగతా భారమంతా ఈయనే నెత్తికెత్తుకున్నాడు, మొత్తం 73 మ్యాచ్‌లు మొదలుపెట్టి 73 తనే చివరిదాకా బంతి వేసి ముగించాడు, జట్టుని విజేతగా నిలిపాడు. అయితే అప్పుడు బ్యాటర్‌కి 50 అడుగుల దూరం నుంచే వేసేవారు. 1893లో దాన్ని 60 అడుగుల 6 అంగుళాలు చేశారు. అందుకే ఆ తర్వాతి కాలానికి రికార్డు అంటే 1904లో న్యూయార్క్ జట్టుకి జాక్ చెస్‌బ్రో గెలిచిన 41నే చెబుతారు. పాపం, అన్ని గెలిచినవాడు కూడా సీజన్ చివరి రోజున ఒక బంతిని, బ్యాటర్ వెనక నిలబడి అందుకునే క్యాచర్‌కి అందకుండా విసిరేసి, జట్టుకి టైటిల్ పోగొట్టాడు.

ఇక ఒక్కడి ఖాతాలో ఎలా వేస్తారంటే, తన జట్టు ఆధిక్యంలోకి వచ్చి దాన్ని చివరిదాకా పోగొట్టుకోకపోతే, ఆ ఆధిక్యం వచ్చినప్పుడు ఎవరు పిచ్చరో గెలుపు ఆయనది. మ్యాచ్ మొదలుపెట్టినవాడైతే కనీసం ఐదు ఇన్నింగ్స్ వెయ్యాలి (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేసే దఫా, మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి). చూశారా, సగం సంగతి తోటివాళ్ల బ్యాటు మీదే ఉంది. మీ ఊరివాళ్లకి ఇది నేను వేరే చెప్పాలా! కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఎత్తిన 240 కిలోలూ ఆవిడ ఎత్తినవే, మధ్యలో ఇంకొకరి చెయ్యి లేదు. పిచ్చర్‌కి ఆ అదృష్టం లేదు. 2018లో జేకబ్ డిగ్రామ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, అయినా గెలుపులు పదే, ఎందుకంటే తన జట్టు పరుగులు చెయ్యలేదు. లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు మాత్రం ఆయనకే ఇచ్చారు, సరిగ్గానే ఇచ్చారంటాను. కాబట్టి సత్తువ లేదనకండి. ఇప్పుడు ఐదారు రోజులకోసారి వేస్తారు, అదీ సగం దాటాక ఇంకొకరికి అప్పగిస్తారు.

ప్రశ్న: అయితే ఆ 41ని ఎప్పటికైనా ఎవరైనా దాటుతారా సార్?
– బొబ్బిలి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఇప్పటి పద్ధతిలో కుదరదు తమ్ముడూ. 30 దాకా వచ్చిన ఆఖరివాడు డెట్రాయిట్ పిచ్చర్ డెనీ మెక్‌లెయిన్, 1968లో 31 గెలిచాడు. ఆ తర్వాత 1990లో బాబ్ వెల్చ్ అనే పిచ్చర్ కూడా 27కే ఆగాడు. ఇప్పుడు రెగ్యులర్‌గా వేసే పిచ్చర్‌కి సీజన్‌లో దొరికేవి దాదాపు 33 మ్యాచ్‌లు, ఒక్కటీ పోకుండా అన్నీ గెలిచేసినా ఇంకా ఎనిమిది తక్కువే.