వీడియోను జవాబుకు ముందే ఆపండి

ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయికి మద్యం, మత్తుమందుల గురించి ఏ వీడియో చూపించాలని అడిగారు. హైస్కూలు పిల్లలకు పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

మొదటిసారి ఒళ్ళు గగుర్పొడిచే వీడియో ఎంచుకున్నాను. పుచ్చిపోయిన పళ్ళు, ఆసుపత్రి మంచం, ఏడుస్తున్న తల్లి, వెనకాల విషాద సంగీతం. ఐదు నిమిషాలు తరగతిలో చడీచప్పుడూ లేదు. తరువాత వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించింది. "మా బాబాయి రోజూ తాగుతాడు సార్, ఇలా లేడే!" అన్నాడొకడు. వాడు అబద్ధం చెప్పలేదు, వీడియోయే అతి చేసింది. ఒక్క అతిశయోక్తి దొరికితే చాలు, పిల్లలు అందులోని నిజాలను కూడా కలిపి పారేస్తారు. మిగతా పీరియడంతా నీళ్ళు నమిలాను.

పెద్ద పెద్ద కార్యక్రమాలకే ఈ చిక్కు తప్పలేదు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే తరగతికి వచ్చి మత్తుమందుల గురించి చెప్పేవారు. అది అమెరికా అంతటా పాకింది. తీరా పరిశోధకులు పరిశీలిస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివారికీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తరువాత పాఠాలనే మార్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఏ వీడియో అయినా ముందు నేనొక్కణ్ణే చూస్తాను. ఎలా పీల్చాలో, ఎక్కడ దాచాలో చూపించేవి పక్కన పెట్టేస్తాను. హెచ్చరిక పేరుతో శిక్షణ ఇచ్చేవి ఉంటాయి మరి. ఆవేశానికి పగ్గం వేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ళ ప్రాంతం దాకా ఎదుగుతూనే ఉంటుందని చక్కగా వివరించేవి పనికొస్తాయి. తోటివాళ్ళు ఎంతమంది తాగుతున్నారో పిల్లలు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు. ఆ భ్రమను పోగొట్టేది దొరికితే ఇంకా మంచిది.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది నాలుగు నిమిషాల చిన్న దృశ్యం. స్నేహితుడు గ్లాసు చేతికిస్తాడు, కుర్రవాడు తటపటాయిస్తాడు. అతను నోరు తెరిచేలోపు ఆపేసి, "వీడేమంటాడు?" అని అడిగాను. "వద్దంటాడు!" అని ముక్తకంఠంతో అరిచారు. నేను నమ్మలేదు. ఊరుకున్నాను. కాసేపటికి ఒకమ్మాయి, "వద్దంటే మళ్ళీ పిలవరు కదా సార్" అంది. అసలు పాఠం అక్కడ మొదలైంది. బెల్లు కొట్టాక మరొకడు దగ్గరికి వచ్చి, తాగి పడిపోయిన స్నేహితుడు లేపినా లేవకపోతే ఏం చేయాలని గుసగుసగా అడిగాడు. నేను చూసిన ఏ వీడియోలోనూ ఆ ముక్క లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, ఒంటరిగా వదలకూడదని, కాఫీ, చన్నీళ్ళ స్నానం పనిచేయవని, లేపినా లేవకపోతే తిట్లకు భయపడి దాచకుండా వెంటనే పెద్దవాళ్ళను, అంబులెన్సును పిలవాలని చెప్పాను. శ్వాసకూ శ్వాసకూ మధ్య పది సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఇంట్లో కూడా అంతే. అబ్బాయి పక్కన కూర్చుని చూడండి, మధ్యలో ఆపండి, "నువ్వైతే?" అనకుండా వీడియోలోని కుర్రవాడి గురించే అడగండి. మీ అబ్బాయి ఏదో ఒక రోజు "మీరు తాగారా?" అని అడుగుతాడు. నన్నూ అడిగారు. కాలేజీ రోజుల్లో తాగానని, ఒక రాత్రి గదికి ఎలా చేరానో నేటికీ గుర్తులేదని చెప్పాను. ఆ రోజు వీడియో పెట్టనేలేదు, పీరియడంతా వాళ్ళ ప్రశ్నలతోనే గడిచిపోయింది.