మద్దెల ఉద్యోగానికి భయపడి ఎంబీఏకి పరిగెత్తాలా?

గుంతకల్లు నుంచి ఒక తండ్రి రాశారు. ఆయన రైల్వేలో పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ గ్యాంగ్‌కి పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యారు. కొడుకు మెకానికల్ బీటెక్ చదివి, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ట్రైనీగా చేరాడు. నాలుగేళ్లయింది, ఇప్పుడు లైన్ లీడర్. పోయిన నెల పిలిచి షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా వేస్తాం, నీ కింద ఇరవై రెండు మంది ఉంటారు అన్నారట. "వాడికి నోరు లేదు సార్, నలభై ఏళ్లవాళ్లని వీడేం అదిలిస్తాడు, జీతం కూడా పెద్దగా పెరగడం లేదు, మాన్పించి రెండేళ్లు ఎంబీఏ చదివిస్తే డైరెక్టుగా మేనేజర్ అవుతాడు కదా, ఏది మేలో రెండూ పోల్చి చెప్పండి, సంబంధాలు కూడా చూస్తున్నాం" అని అడిగారు.

అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. తాడిపత్రి నుంచి వస్తుంది, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వస్తుంది, హిందూపురం బట్టల కంపెనీల నుంచి వస్తుంది, ఊరు పేరు మారుతుంది అంతే. ఎంబీఏ సీటుకి రాసే ఐసెట్ ఎప్పుడు, ర్యాంకు ఎంత రావాలి అన్నది నేను రాయను, అది మీ వీధి చివర జిరాక్స్ షాపు అబ్బాయిని అడిగినా చెబుతాడు. మీరు అడగకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, ముందు దాని దగ్గరికి వద్దాం.

మీరు మేట్‌గా చేశారు. మే నెల ఎండకి పట్టా సాగి పక్కకి వంగుతుందేమోనని మిట్టమధ్యాహ్నం ట్రాక్ వెంబడి నడిచినవాళ్లు. పైనుంచి ట్రాక్ చూసే ఇన్‌స్పెక్టర్ పీడబ్ల్యూఐ తిట్లు, కిందనుంచి గ్యాంగ్ గొణుగుడు. ఒకడు జ్వరమని రాడు, ఇంకొకడు వచ్చి చెట్టుకింద కూర్చుంటాడు, రైళ్లు ఆపి బ్లాక్ ఇచ్చిన గంటలో పని ముగించాల్సింది మీరే. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకుందంటారు, రోలుకి ఒకవైపే దెబ్బ, మద్దెలకి రెండు వైపులా. ఆ దెబ్బలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కాబట్టే కొడుకుని ఆ కుర్చీలో కూర్చోనివ్వడం మీకు ఇష్టం లేదు. ఎంబీఏ అన్నది ఆ తర్వాత దొరికిన సాకు. దానికి తోడు సంబంధాలవాళ్ల ముందు "సూపర్‌వైజర్" అనే మాట చిన్నగా వినిపిస్తుందని ఒక మొహమాటం.

కోపం తెచ్చుకోకండి గానీ, మీ మొహమాటం కోసం వాడి నాలుగేళ్ల పని పారబోయడం అన్యాయం. మీరు జీవితాంతం చేసిన పనిని మీరే తక్కువ చేసి చూస్తున్నారు. ఒక గ్యాంగ్‌ని నడిపిన మనిషి, కొడుక్కి ఇరవై రెండు మందిని అప్పగిస్తామంటే భయపడి కాలేజీ బెంచీ మీద కూర్చోబెడతానంటున్నారు.

ఇక ఎంబీఏ. నేను దానికి శత్రువుని కాను. పెద్ద సంస్థల్లో సీటు వస్తే, అదీ నాలుగైదేళ్లు మనుషులతో పనిచేశాక వెళితే, మనిషి మారి వస్తాడు, నా కళ్లతో చూశాను. మీరు అంటున్నది అది కాదు. దగ్గర్లో ఏదో ఒక కాలేజీ, ఫీజు ఎలాగో సర్దుకోవచ్చు, రెండేళ్ల తర్వాత "క్యాంపస్" వస్తుంది అన్న ఆశ. ఆ క్యాంపస్‌కి ఎక్కువగా ఎవరొస్తున్నారో ఒకసారి కాలేజీ గేటు దగ్గర నిలబడి పాస్ అయిన పిల్లల్నే అడగండి, ప్రిన్సిపాల్‌ని కాదు. ఇన్సూరెన్స్ అమ్మడం, లోన్లు అమ్మడం, ఫైనాన్స్ కంపెనీలో బండి మీద ఊళ్లు తిరిగి కంతులు వసూలు చేయడం. కార్డు మీద మాత్రం రిలేషన్‌షిప్ మేనేజర్ అనో, బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్ అనో ఉంటుంది, కింద ఒక్క మనిషి ఉండడు. సంబంధాలవాళ్లకి ఆ కార్డు బాగానే ఉంటుంది, టార్గెట్ అందని నెల మీ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో అది వేరే కథ. అమ్మకం పని చెడ్డదని నేననడం లేదు, నోరు లేదని మీరే చెబుతున్న అబ్బాయిని ఆ పనిలోకి తోయడం ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇంకో మాట కూడా ఉంది, దీని మీద నాకు ఏళ్లుగా అనుమానం. మనుషుల్ని నడపడం తెలియని వయసులో మనుషుల్ని నడపడం గురించి చదివితే ఏం ఎక్కుతుంది? ఈత రానివాడికి ఈత పుస్తకం ఇచ్చినట్టే. ఆర్గనైజేషనల్ బిహేవియర్ అని ఒక పేపర్ ఉంటుంది, పరీక్ష ముందు రాత్రి బట్టీ పడతారు, పొద్దున రాస్తారు, సాయంత్రానికి మరిచిపోతారు. అదే పేపర్ మీవాడు మూడేళ్లు షిఫ్ట్ నడిపాక చదివితే ప్రతి పేజీలో వాడికి తెలిసిన ముఖం ఒకటి కనపడుతుంది. అప్పుడు కావాలంటే ఇగ్నో దూరవిద్యలో ఉద్యోగం మానకుండానే ఎంబీఏ చేయొచ్చు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల లోపు ముగించుకోవచ్చు. ఇప్పుడు ఫోన్లో రోజూ కనపడే "లీడర్‌షిప్ సర్టిఫికెట్, ముప్పై రోజుల్లో" అనేవాటికి మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

పోలిక అడిగారు కాబట్టి డబ్బు లెక్క. మీరు రాసినదాని ప్రకారం ఇప్పుడు జీతం 22,000, ఓటీ (ఓవర్‌టైమ్) చేసిన నెల ఇంకో నాలుగైదు వేలు. సూపర్‌వైజర్ అయితే 25,500, ఓటీ లేదు. అంటే కొన్ని నెలల్లో చేతికొచ్చేది తగ్గుతుంది కూడా. మీకు అనుమానం వచ్చింది ఇక్కడే, ఆ అనుమానం సరైనదే. ఓటీకి రెట్టింపు రేటు కట్టాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్న నియమం, అయితే పైనుండి పని చూసే బాధ్యతలో ఉన్నవాళ్లని ఆ పనిగంటల లెక్క నుంచి మినహాయించే వీలు కూడా ఆ చట్టంలోనే రాష్ట్రాలకి ఇచ్చారు. దీన్ని అడ్డం పెట్టుకుని పేరు మాత్రం సూపర్‌వైజర్ అని పెట్టి, కింద ఎవరినీ ఇవ్వకుండా, ఓటీ ఎగ్గొట్టేవాళ్లు లేకపోలేదు. వివాదం వస్తే కోర్టులు హోదా పేరు కాకుండా అసలు చేసే పని ఏమిటని చూస్తాయి గానీ, మనం కోర్టుదాకా పోయే రకం కాదు, ముందే అడిగి రాయించుకుంటే పోతుంది. ఎంబీఏ వైపు లెక్క ఇంకా సులువు, రెండేళ్ల జీతమే ఓటీ లేకుండా 5,28,000 పోతుంది, ఫీజు, హాస్టలు వేరే. పోలిక ఇంతే, ఇంతకంటే సాగదీయడానికి నాకేం కనపడలేదు.

ఇప్పుడు ఆ "నోరు లేదు" సంగతి. నోరున్నవాళ్లే సూపర్‌వైజర్లు అవుతారని ఎవరు చెప్పారో గానీ నేను చూసినవాళ్లలో త్వరగా దెబ్బతిన్నది వాళ్లే. అరిచేవాడి మాట మొదటి వారం వింటారు, రెండో వారం నవ్వుకుంటారు, మూడో వారం మెషిన్ ఆగిపోతే "నాకు తెలీదు సార్" అంటారు. మీవాడు నాలుగేళ్లు అదే లైన్‌లో నిలబడ్డాడు, ఏ మెషిన్ ఎప్పుడు మొరాయిస్తుందో తెలుసు, ఎవరి చెయ్యి ఎంత నమ్మకమో తెలుసు. తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మనిషి దగ్గరికి ఆపరేటర్లు వచ్చి అసలు విషయం చెబుతారు. వాడు నేర్చుకోవాల్సింది ఒక్కటే, కాదు అని చెప్పాల్సిన చోట మెల్లగా అయినా చెప్పడం, చెప్పాక మార్చకపోవడం.

నా సంగతి చెబుతాను, సిగ్గేమీ లేదు. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను కూడా ఒక ఫ్యాక్టరీలో ఇలాగే సూపర్‌వైజర్‌నయ్యాను, పేరు వద్దు. నా చేతిపని బాగుంటుందని ఇచ్చారు. ఎవరైనా తడబడితే స్పానర్ లాక్కుని నేనే బిగించేవాణ్ణి. టార్గెట్ అందేది, నేను మాత్రం ఇంటికి వెళ్లి అన్నం తినకుండా పడుకునేవాణ్ణి. రెండు నెలలకి ఒక పెద్దాయన, ఐటీఐ చదివిన పాత ఆపరేటర్, టీ తాగుతూ అన్నాడు: "సార్, నువ్వు మంచి ఫిట్టర్‌వి, మా ఇరవై మందికి ఇంకో ఫిట్టర్ వచ్చాడు, సూపర్‌వైజర్ మాత్రం ఇంకా రాలేదు." ఆ మాట ఇప్పటికీ గుర్తే. ఈ ఉద్యోగంలో కష్టం అక్కడే ఉంది, నిన్నటిదాకా మన చేతులకి జీతం, రేపటినుంచి వేరేవాళ్ల చేతులు సరిగ్గా ఆడితేనే మనకి జీతం.

అందుకే పని నేర్పడం నేర్చుకోమనండి. 1940లలో యుద్ధం సమయంలో అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం లేని లక్షల మందికి త్వరగా పని నేర్పాల్సి వచ్చి సూపర్‌వైజర్ల కోసం ఒక పద్ధతి తయారుచేశారు, యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్లింది, టొయోటాలో నాటుకుంది. దాన్లో పెద్ద విద్య ఏమీ లేదు. కొత్తవాడిని ముందు భయం పోగొట్టి నిలబెట్టు, ఒక్కో మెట్టూ చేసి చూపించి ఎందుకో చెప్పు, వాడితో చేయించి వాడి నోటితోనే చెప్పించు, తర్వాత వదిలిపెట్టు గానీ మధ్యమధ్యలో వెళ్లి చూడు. మీరు కొత్త గ్యాంగ్‌మన్‌కి పట్టాల కింద కంకర దట్టించే బీటర్ పట్టుకోవడం నేర్పింది ఇలాగే అయ్యుంటుంది, పేరు తెలియదంతే. ఒక సాయంత్రం వాడిని కూర్చోబెట్టుకుని అది చెప్పండి, ఎంబీఏ బ్రోచర్ బదులు.

మొదటి మూడు నెలల్లో తలనొప్పి ఎక్కడ వస్తుందంటే, స్నేహితుల దగ్గర. నిన్నటిదాకా ఒకే టిఫిన్ బాక్సు, ఇవాళ వాళ్లే వచ్చి "మామా, రేపు లీవ్ రాసుకో" అంటారు. ఒక్కడికి ఇచ్చి ఇంకొకడికి ఇవ్వకపోతే అయిపోయినట్టే. మన దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగకి, కదిరి తేరుకి, ముహూర్తాల నెలలో సగం షిఫ్ట్ మాయమవుతుంది, ఇది ఏటా తెలిసిన సంగతే కదా, నెల ముందే కాగితం పెట్టి ఎవరు ఎప్పుడు వెళతారో అందరి ముందు రాయించాలి. పోయినసారి వెళ్లినవాడు ఈసారి ఆగాలి, అందులో స్నేహితుడైనా సరే. దూరం నుంచి వచ్చిన కాంట్రాక్టు పిల్లలుంటే వాళ్ల పండుగలు కూడా ఆ కాగితం మీదకి రావాలి, వాళ్లతో మాట్లాడేంత హిందీ కూడా రావాలి.

మిగిలినవి చిన్నవి. షిఫ్ట్‌కి ఇరవై నిమిషాలు ముందు వెళ్లి, వెళ్లిపోయే సూపర్‌వైజర్ పక్కన నడుస్తూ లైన్ చూసి తీసుకోవాలి, రిజిస్టర్ చదివి కాదు. తప్పు చేసినవాణ్ణి పక్కకి పిలిచి అడగాలి. మెషిన్ ఆగితే పైవాళ్లకి వెంటనే చెప్పాలి, మనమే బాగుచేసి తర్వాత చెబుదాం అనుకుంటే గంట పోతుంది, నమ్మకం కూడా పోతుంది. మెషిన్‌కి రక్షణగా ఉన్న గార్డు తీసి నడపమని, ప్రమాదంలో మెషిన్ ఆపే ఇంటర్‌లాక్ తప్పించమని పైనుంచి ఒత్తిడి వస్తే ఒప్పుకోకూడదు, చెయ్యి పోయేది వాడి కింద పనిచేసేవాడిది. వచ్చిన మొదటి వారమే అన్నీ మార్చేయకూడదు.

ఇది చదివే వేరే పిల్లలకి ఒక ముక్క, మాకెవరూ పిలిచి ఇవ్వడం లేదు, మేమెలా వెతుక్కోవాలి అని అడుగుతారు. కియా కార్లు 2019లో రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి (2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మన నోటికి ఇంకా అనంతపురమే), ఇటు ఓర్వకల్లు, అటు కొప్పర్తి పారిశ్రామికవాడలు ఉన్నాయి. అయినా మొదటి సూపర్‌వైజర్ ఉద్యోగం బయటికంటే లోపల దొరకడమే సులువు. సూపర్‌వైజర్ లీవులో ఉన్న రోజు నేను చూసుకుంటా అనండి, కొత్తవాళ్లకి పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోండి. బయోడేటాలో "హార్డ్ వర్కింగ్" అని రాయడం మానేసి ఎంతమందికి పని నేర్పారో, ఏ లైన్‌లో రిజెక్షన్ ఎంతనుంచి ఎంతకి తగ్గిందో రాయండి. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది, రోజూ ఆలస్యంగా వచ్చే మంచి పనివాడిని ఏం చేస్తావు అని. తీసేస్తా అన్నా తప్పే, వదిలేస్తా అన్నా తప్పే, ఎందుకు ఆలస్యమో ముందు కనుక్కుంటా అని మొదలుపెట్టండి.

అన్నా, మీవాడు సోమవారం హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి నాలుగు విషయాలు అడగాలి. లెటర్‌లో హోదా, కింద ఎంతమంది అన్నది రాసిస్తారా? లీవ్ మంజూరు చేసే అధికారం వాడిదేనా, లేక వాడు సంతకం పెట్టాక ఇంకొకరు కొట్టేస్తారా? ఓటీ పోతున్నందుకు షిఫ్ట్ అలవెన్స్ ఏమైనా ఉందా? ఆరు నెలల తర్వాత జీతం మళ్లీ చూస్తామని కాగితం మీద ఇస్తారా? మొదటి రెండూ ఇస్తే చేరమనండి, డబ్బు విషయంలో కొంచెం అటూఇటూ అయినా పర్వాలేదు. మొదటి రెండూ ఇవ్వకపోతే అది పేరుకే సూపర్‌వైజర్, అప్పుడు లైన్ లీడర్‌గానే ఉంటూ వేరే కంపెనీ చూసుకోమనండి, ఎంబీఏ మాట అప్పుడు కూడా వద్దు. ఆ లెటర్ వచ్చాక ఒకసారి ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను. సంబంధాలవాళ్లు అడిగితే మాత్రం, ఇరవై రెండు మందిని నడుపుతున్నాడు అని చెప్పండి.