పెళ్లికూతురికి ఆకు గోరింటాకా, కోనా?

అబ్బాయి ఒడియా వాళ్లని, పెళ్లి బరంపురంలోనేనని, అమ్మాయి చేతులకు ఆకు రుబ్బి పెట్టాలో కోన్ పెట్టించాలో తేలడం లేదని రాశారు. వాళ్లు పాదాలకు పూసే ఎర్ర రంగు అలతా అంటున్నారు కాబట్టి మన పారాణి మానేయాలా అనీ అడిగారు.

నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే. జూన్ నడుమ రజో పండక్కి మా వీధి ఒడియా ఆడపిల్లలు కాళ్లకు అలతా పెట్టుకుని ఉయ్యాలలూగుతుంటే మేమూ పెట్టించుకునేవాళ్లం. ఆషాఢం రాగానే మా పెరటి గోరింటాకు కోసం వాళ్లు వచ్చేవారు. ఒకటి పెడితే రెండోది మానాలన్న మాట మా ఇళ్లలో ఎప్పుడూ వినలేదు.

చేతులకు నా ఓటు ఆకుకే. మా అమ్మ లేత ఆకు కోసి, కాస్త చింతపండు, వక్కపొడి వేసి సన్నికల్లు మీద మెత్తగా నూరేది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. ఆ అందం నాకు ఏ డిజైన్‌లోనూ కనబడదు. కానీ ముద్దతో సన్నని గీతలు రావు. మోచేతి దాకా డిజైన్ కావాలంటే మంచి ఆకుపొడి కొని, నిమ్మరసంతో తడిపి, కొన్ని గంటలు నానాక ఇంట్లోనే కోన్ చుట్టించండి. రాజస్థాన్‌లోని సోజత్ పొడికి మంచి పేరు, 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం పెట్టండి. తీయగానే నారింజ రంగులో ఉంటే టెన్షన్ పడొద్దు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మంలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. నీళ్లతో కడక్కుండా గీకి తీసి, కొబ్బరినూనె రాయండి.

గంటలో నల్లగా పండుతుందనే కోన్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి. గోరింటాకు అంత తొందరగా నలుపు ఇవ్వదు. ఆ నలుపు కోసం జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు. మా పిన్ని కూతురికి పెళ్లి ముందు అలాంటిదే పెట్టారు. అప్పగింతలయ్యేసరికి చేతులు దురదపెట్టి, తర్వాత బొబ్బలెక్కాయి. ఆ మచ్చలు చాలాకాలం పోలేదు. అన్నట్టు, పెళ్లింట సరదాకైనా చంటిపిల్లలకు గోరింటాకు పెట్టనివ్వకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసివాళ్లలో దానివల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతినొచ్చు.

ఇక పాదాల సంగతి. పెళ్లికూతుర్ని చేసే రోజు పసుపు, సున్నం కలిపి మన పారాణి పెట్టండి. పెళ్లి పూట అలతా వాళ్ల తరఫు పెద్దావిడ చేతనే పెట్టించండి, వాళ్లెంతో సంతోషిస్తారు. ఒకప్పుడు దాన్ని లక్కతో చేసేవారు, ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. బాగా ఆరాకే పట్టుచీర కట్టండి, అంచుకు అంటితే ఓ పట్టాన వదలదు.