పొదుగువాపు తిరగబెడితే ఇంకా గట్టి ఇంజెక్షన్ వేయాలా?

సందేహం: మా ముర్రా గేదె ఈని రెండు నెలలైంది. కుడి వెనుక చన్ను గట్టిపడి పాలు గడ్డలుగా వస్తుంటే, ఊళ్లో సూదులు వేసే అతను రెండు రోజులు సెఫ్ట్రియాక్సోన్ వేశాడు. వాపు తగ్గడంతో ఆపేశాం. పది రోజులకు మళ్లీ వాచింది, పక్క చన్నులోనూ పాలు పలుచబడ్డాయి. గేదెకు జ్వరం లేదు, మేత తింటోంది. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా అమ్మాయి, అదే మందును అక్కడ మనుషులకూ ఇస్తారని, ఇష్టానుసారం వాడకూడదని అంటోంది. ఇంతకన్నా గట్టి మందును మనుషుల మెడికల్ షాపు నుంచి తెప్పించవచ్చా?
– ఒక పాడి రైతు, కృష్ణా జిల్లా

సమాధానం: తెప్పించవద్దు. మీ అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. న్యుమోనియా, మెదడు పొరల వాపు వంటి ప్రాణాంతక వ్యాధులతో వార్డులో చేరినవారికి వైద్యులు నమ్ముకునే మందుల్లో సెఫ్ట్రియాక్సోన్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను వర్గీకరించినప్పుడు, సూక్ష్మజీవులు లొంగకుండా పోయే ప్రమాదం ఎక్కువ కనుక దీనిని ఆచితూచి వాడవలసిన ‘వాచ్’ వర్గంలో చేర్చింది. అటువంటి మందును ఏ పరీక్షా లేకుండా, మొదటి వాపుకే పశువుల కొట్టంలో వాడేయడం నాకు చాలా ఆందోళన కలిగిస్తున్న అలవాటు.

యాంటీబయాటిక్‌లలో గట్టివి, మెత్తనివి అని ఉండవు. పొదుగులో ఉన్న సూక్ష్మజీవిపై ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నదే ముఖ్యం. స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పొదుగు కణజాలం లోపలికి చొచ్చుకుపోయి, చుట్టూ గట్టి పొర ఏర్పడేలా చేసుకుంటుంది కనుక మందు దానిని సరిగా చేరలేదు; పైకి వాపు తగ్గినా కొద్ది రోజుల్లో తిరగబెడుతుంది. శిలీంధ్రాల వల్ల వచ్చిన వాపుపై యాంటీబయాటిక్‌లు అసలు పనిచేయవు. ఇ. కోలై వల్ల వచ్చే తేలికపాటి వాపును చాలాసార్లు పశువు తన రోగనిరోధక శక్తితోనే అదుపు చేసుకుంటుంది. పైగా మనుషులకు వేసే ఒక గ్రాము సీసా 500 కిలోల గేదెకు ఏ మూలకూ చాలదు, చాలీచాలని మోతాదు మిగిలిన బ్యాక్టీరియాను మొండిగా తయారు చేస్తుంది.

మందు ఆపి పది రోజులైంది కనుక పాలను పరీక్షకు పంపడానికి ఇది అనువైన సమయం. చన్నును కడిగి, ఆరాక, మొనను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మొదటి ధారలను వదిలేసి, మందుల షాపులో దొరికే స్టెరైల్ సీసాలోకి ఐదు నుంచి పది మిల్లీలీటర్ల పాలు పట్టండి. వాచిన రెండు చన్నులవీ వేర్వేరు సీసాల్లో ఉండాలి. వాటిని ఐసులో పెట్టి, మీ పశువైద్యాధికారి ద్వారా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు అదే రోజు చేర్చండి. ఏ మందుకు లొంగుతుందో తేలాక, పశువైద్యాధికారి రాసిన మోతాదును రాసినన్ని రోజులు వేయించండి. వాపు తగ్గిందని మధ్యలో ఆపవద్దు. ఈలోగా జ్వరం వచ్చి మేత మానేస్తే మాత్రం ఫలితం కోసం ఆగకుండా సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఫలితం వచ్చేదాకా వాచిన చన్నులను రోజుకు పలుమార్లు పూర్తిగా పితికేయండి. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న లేపనం, అంటే 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బిన ముద్దను నీటితో పలుచన చేసి, కడిగిన పొదుగంతటికీ రోజులో అనేకసార్లు ఐదు రోజులపాటు పూయవచ్చు. తొలి దశలో ఇది ఉపకరిస్తుంది, కానీ పరీక్షకు బదులు కాదు.

వాపు రెండో చన్నుకు పాకడానికి పితికే తీరు కారణమై ఉండవచ్చు. బొటనవేలు మడిచి పితికితే చన్ను లోపల గాయమవుతుంది కనుక పిడికిలి నిండా పట్టి పితకండి. ఆరోగ్యంగా ఉన్న చన్నులను ముందు, వాచినవాటిని చివర పితికి, ప్రతి చన్నునూ పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచండి. చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు కనుక, గేదె అరగంటపాటు పడుకోకుండా ముందు మేత వేయండి. మీ అమ్మాయి కూడా పాలు పితుకుతూ ఉంటే, ఆసుపత్రి దుస్తులు మార్చుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే కొట్టంలోకి రావాలి. మందులకు లొంగని స్టెఫైలోకోకస్ మనిషి నుంచి పశువుకు, పశువు నుంచి మనిషికి చేతుల ద్వారా చేరగలదు.

ఇక పాల మాట. మందు వేయడం ఆపాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో లేబుల్‌పై రాసి ఉంటుంది; ఆ గడువు పూర్తయ్యేదాకా ఆ పాలను కేంద్రంలో పోయకూడదు, ఇంట్లో వాడకూడదు. ప్రత్యేకంగా నిర్ధారించిన గడువు లేని పశువుల మందులకు, 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చిన అంశం ప్రకారం, పాల విషయంలో అది 7 రోజులకు తగ్గకూడదు. మనుషుల సీసాపై ఈ గడువే ఉండదు, దానిని తేవద్దనడానికి ఇదీ ఒక కారణం. కాచినంత మాత్రాన మందు అవశేషాలు పూర్తిగా పోవు. అటువంటి పాలు సరిగా తోడుకోకపోవడం మీరూ గమనించి ఉంటారు. ఆ పాలను దూడకు తాగిస్తే దాని పేగుల్లోనూ మొండి బ్యాక్టీరియా పెరుగుతుంది కనుక, కాలువలో పోయకుండా, కొట్టానికి దూరంగా గుంత తీసి పూడ్చండి.